శ్రవణ వివేకము

శృంగి శాపము చెవినిబడిన పిమ్మట పరీక్షిన్మహారాజునకు మిగిలినది ఏడు దినముల ఆయువు మాత్రమే. రాజ్యభారమును కుమారునకు అప్పగించి, గంగాతీరమున ప్రాయోపవిష్టుడై, తన భాగ్యవశమున అచటికి వేంచేసిన శ్రీశుకయోగీంద్రుని అతడు ఒక ప్రశ్న అడిగెను. మరణము సమీపించిన మానవుడు ఏది వినవలయును? ఏది జపింపవలయును? ఏది స్మరింపవలయును? అంతటితో ఊరకుండక, వీనికి విరుద్ధమైనది, అనగా విడువదగినది ఏదియో అదియు తెలుపుమని ప్రార్థించెను. వినదగినదానిని అడిగిన జిజ్ఞాసువులు పెక్కుమంది కలరు. వినరానిదానిని గూర్చి కూడ అడిగి తెలిసికొనుట పరీక్షిత్తు వివేకమునకు గురుతు.

శ్రీశుకుడు తన ప్రత్యుత్తరమును ఎట్లు ప్రారంభించెనో గమనింపదగియున్నది. ఆత్మతత్త్వము నెరుగక గృహవ్యాపారములయందే మునిగియున్నవారికి వినవలసిన విషయములు వేలకొలది ఉండుననియు, వారి రాత్రులు నిద్రకును సుఖములకును, పగళ్లు ధనార్జనకును కుటుంబపోషణకును వ్యయమై పోవుననియు ఆ మహాత్ముడు హెచ్చరించెను. ఆ "వేలకొలది" అను మాట ఏ యుగమునకైనను వర్తించునదే. అయినను సెల్‌ఫోను చేతబట్టిన నేటి గృహస్థునకు అది అక్షరాల అనుభవమునకు వచ్చుచున్నది.

2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2006లో ట్విట్టర్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ పుట్టినవి. ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్‌గా మారినది. వీనియందు ఎవరైనను ఒక ఖాతా తెరువవచ్చును. తాము చూచినది, తలచినది లోకమునకు చూపవచ్చును. ఆ ఖాతాను మరియొకరు "ఫాలో" అగుదురు, అనగా అనుసరింతురు. అనుసరించుటకు వలసినది ఒక్క వ్రేలిస్పర్శ మాత్రమే. అది మొదలు ఆ ఖాతాదారుని మాటలు, చిత్రములు పిలువని పేరంటమువలె ప్రాతఃకాలమునుండియే ఇంటికి వచ్చుచుండును. ఎవరిని అనుసరింపవలయును, ఎవరిని విడువవలయును అను విషయము పైకి స్వల్పముగ తోచవచ్చును. కాని ఇది పరీక్షిత్తు వేసిన ప్రశ్నయే. ఆతనికి ఏడు దినములని తెలియును; తక్కినవారికి ఎన్ని దినములో తెలియదు. భేదము అంతమాత్రమే.

సాంగత్యమే అనుసరణము

అనుసరణము అను మాటకు శ్రీవైష్ణవ సంప్రదాయమున ఎంతో గౌరవము కలదు. రహస్యార్థమును గ్రహించుటకై భగవద్రామానుజులు శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరు నంబి సన్నిధికి పదునెనిమిది పర్యాయములు వెళ్లిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. శ్రీరామాయణ రహస్యములను తిరుమలనంబివద్ద తిరుపతియందు ఒక సంవత్సరకాలము సేవించిరని కూడ ప్రసిద్ధి. ఒక్క గ్రంథము, ఒక్క ఆచార్యుడు, ఒక్క సంవత్సరము! ఎవరి మాటను చెవికెక్కించుకొనవలయునో నిర్ణయించుటకు ఆ మహనీయులు అంతటి శ్రమ వహించిరి.

ఒక ఖాతాను అనుసరించుట ఆచార్యుని ఆశ్రయించుటతో సమానమని ఎవరును అనరు. కాని అది సాంగత్యము కాకపోదు. దినదినము వచ్చి, ప్రక్కన కూర్చుండి, చెవిలో మాటలాడిపోవువాడు సహవాసియే గదా! పొరుగూరినుండి వచ్చిన అపరిచితుడు ఇంటి అరుగుపై కూర్చుండి ఉదయాస్తమయములు పరులను తిట్టుచుండిన ఏ గృహస్థు సహింపడు. ఇల్లాండ్రు, బిడ్డలు వినుచున్నారు, లేచి పొమ్మనును. అదే మనుష్యుడు ఫోనుద్వారమున ప్రవేశించి పడకగదివరకు వచ్చినను ఎవరును అడ్డుచెప్పుటలేదు.

గీతాచార్యుడు ద్వితీయాధ్యాయమున మనుష్యుని పతనమునకు ఒక సోపానక్రమమును చూపెను. విషయములను చింతించుటవలన సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము, అందువలన స్మృతిభ్రంశము, బుద్ధినాశము, తుదకు సర్వనాశము. ఈ క్రమమున మొదటి మెట్టు పాపకార్యము కాదు, దురుద్దేశము కాదు. మరల మరల తలచుట మాత్రమే. ఆ మెట్టు మెత్తగా ఉండుటచేతనే కాలు పెట్టినవానికి భయము కలుగదు.

సౌభరి మహర్షి కథ ఇందుకు తార్కాణము. ఆయన యమునాజలములలో మునిగి తపస్సు చేయుచుండెను. అచట ఒక మత్స్యరాజు తన పరివారముతో క్రీడించుట ఆయన కంటబడినది. ఎవరును ఆయనను పిలువలేదు, ఎవరును ప్రలోభపెట్టలేదు. చూచెను, చూచుచుండెను. ఆ చూపునుండి సంసారేచ్ఛ మొలకెత్తినది. తపస్సు విడిచి మాంధాత చక్రవర్తికడకు పోయి కన్యను యాచించి, ఏబదిమంది రాజపుత్రికలను వివాహమాడి, భోగములలో చిరకాలము గడపిన పిమ్మట ఆయనకు మెలకువ వచ్చినది. నీటిలోని చేపల సాంగత్యము తనను ఎంతదూరము ఈడ్చుకొనివచ్చినదో గ్రహించి, ముముక్షువు అట్టి సంగమును విడువవలయునని పశ్చాత్తప్తుడయ్యెను. మహాతపస్వికే ఒక దృశ్యము అంత పని చేసిన, అద్దమువంటి ఫలకముపై రాత్రి రెండు జాములవరకు దృశ్యములను దొర్లించుచుండు సామాన్యుని గతి ఏమి?

చూపునకు సౌభరి ఉదాహరణమైన, వినికిడికి కైకేయి ఉదాహరణము. శ్రీరామ పట్టాభిషేకవార్త చెప్పినందుకు ఆ తల్లి మొదట సంతసించి మంథరకు ఆభరణమును బహూకరించెను. కాని మంథర మాటలాడుట మానలేదు. కైకేయి వినుట మానలేదు. ఒక్క రాత్రి గడచులోపల ఆభరణమిచ్చిన చేయియే వరములకై చాచబడినది. దుర్బోధకు బలము దాని సత్యమునందు లేదు. దాని ఆవృత్తియందు ఉన్నది.

యంత్రము లెక్కించునది ఏది?

"చూచినంతమాత్రమున ఏమగును? ఖండించుటకే కదా చూచుచున్నాము" అని కొందరు అందురు. ఈ సమాధానమునందు ఒక పొరపాటు కలదు. సామాజిక మాధ్యమములలో ఎవరికి ఏది చూపవలయునో నిర్ణయించునది గణనయంత్రము. తొలినాళ్లలో మిత్రులు పంపినవి కాలక్రమమున ఒకదానిపై నొకటి కనిపించెడివి. 2016లో ఇన్‌స్టాగ్రామ్ ఆ పద్ధతిని మార్చి, చూచువానిని ఏది ఎక్కువగ ఆకర్షించునో లెక్కగట్టి దానిని ముందు చూపుట ఆరంభించెను. యూట్యూబ్ 2012నుండియే వీక్షకుడు ఎంతసేపు చూచెనను దానికి ప్రాధాన్యమిచ్చినది. చూచువాడు భక్తితో నిలిచెనా, అసహ్యముతో నిలిచెనా అను భేదము ఈ కొలతకు పట్టదు. ఎంతసేపు నిలిచెననుటయే దానికి కావలసినది.

ఫేస్‌బుక్ విషయమున వెలువడిన ఒక సంగతి మరింత ఆలోచింపదగినది. 2017లో ఆ సంస్థ కోపపు గుర్తుతోబాటు ఇతర భావసూచక చిహ్నములకు సాధారణమైన ఇష్టపు గుర్తుకంటె ఐదు రెట్లు విలువ నిచ్చినట్లు, అనంతరము ఆ విలువను తగ్గించుచు వచ్చి 2020లో కోపపు గుర్తుకు ఏ విలువయు లేకుండ చేసినట్లు, 2021లో బయటపడిన సంస్థాపత్రములవలన లోకమునకు తెలిసినది. క్రోధముతో ఎవరైనను ఒక గుర్తు నొక్కినచో, ఆ క్రోధమే ఆ విషయమును మరి పదిమందికి మోసికొనిపోయినదన్నమాట. ఖండించితినని తలచినవాడు వాహకుడైనాడు!

అసత్యము వేగమును గూర్చియు ఒక పరిశోధన కలదు. 2006నుండి 2017వరకు ట్విట్టర్‌లో వ్యాపించిన సుమారు 1,26,000 వార్తాకథనములను అమెరికాలోని ఎం.ఐ.టి. విద్వాంసులు పరిశీలించి, తమ ఫలితములను 2018లో "సైన్స్" పత్రికలో ప్రకటించిరి. సత్యవార్తకంటె అసత్యవార్త ఇతరులకు పంపబడు అవకాశము 70 శాతము ఎక్కువ. ఇందుకు యంత్రములకంటె మనుష్యులే ప్రధాన కారణమని వారు తేల్చిరి. అసత్యమున క్రొత్తదనము ఎక్కువ. క్రొత్తదానిని ముందుగ చెప్పవలెనను కోరిక మనుష్యునకు సహజము. మంథరలు పెరిగిరని వగచుటకంటె, వినుటకు, మోయుటకు సిద్ధపడు మనస్సును దిద్దుకొనుట మేలు.

నాలుగు భావములు

అట్లయిన నిర్ణయమునకు ఆధారమేమి? శ్రీమద్భాగవత ఏకాదశస్కంధమున నవయోగులలో నొకరైన హరి నిమిచక్రవర్తికి భక్తుల లక్షణములు చెప్పుచు, మధ్యమభక్తుని నడవడిని నాలుగు మాటలలో ఇమిడ్చెను. ఈశ్వరునియందు ప్రేమ, భక్తులయందు మైత్రి, అజ్ఞానులయందు కృప, ద్వేషించువారియందు ఉపేక్ష. సర్వమును భగవన్మయముగ చూచు ఉత్తమభక్తునకు ఈ విభజనము అక్కరలేదేమో. సంసారమున ఉండి సాధన చేయు గృహస్థునకు ఇదియే రాజమార్గము. ఖాతాల విషయమునను ఇదియే ప్రమాణముగ గ్రహింపవచ్చును.

మొదటిది ప్రేమ. భగవంతునియందు అనురాగమును పెంచునది ముందు స్వీకరింపదగినది. 2008లో శ్రీవేంకటేశ్వర భక్తి చానల్ ప్రారంభమైన పిమ్మట, కొండకు రాలేని వృద్ధులు, సముద్రములకావల నివసించు తెలుగు కుటుంబములవారు కూడ బ్రహ్మోత్సవ వాహనసేవలను కన్నులార చూడగలుగుచున్నారు. ఇది కాలము ప్రసాదించిన మేలు. కాని ఇందును మితము వలయును. పది భక్తిఖాతాలను తెరచి, ఒక్కొక్కదానిలో అరనిమిషము నిలిచి దాటిపోవుట శ్రవణము కాదు. శ్రీవిష్ణుసహస్రనామ పారాయణమునకు పట్టునది సుమారు అరగంట. అంతకాలము ఫోనుపై దేవుని బొమ్మలను దొర్లించి, పారాయణమునకు తీరిక లేదనువాడు భక్తిని చూచుచున్నాడే కాని చేయుటలేదు.

రెండవది మైత్రి. సంప్రదాయమునెరిగి, ఆధారము చూపి, అతిశయోక్తి లేక, తప్పు చెప్పినపుడు ఒప్పుకొని దిద్దుకొనువారిని అనుసరించుట సత్సంగమే. పండితులే కానక్కరలేదు. కృషిని గూర్చియో, ఆరోగ్యమును గూర్చియో, పిల్లల చదువును గూర్చియో తెలిసినంతవరకు నిజము చెప్పువాడు కూడ మైత్రికి తగినవాడే. వీరిని గుర్తించుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. విన్న తరువాత చేయి దేనికొరకు చాచుచున్నది? గ్రంథముకొరకా, చేయవలసిన పనికొరకా, లేక మరియొక దృశ్యముకొరకా? మంచి మాట ఫోనును క్రింద పెట్టించును.

మూడవది కృప. మేనమామయో, చిన్ననాటి స్నేహితుడో వాట్సాప్‌లో నిత్యము నిరాధారమైన వార్తలు పంపుచుండవచ్చును. ఈ ప్రవాహమును తగ్గించుటకై ఆ సంస్థ 2018లో భారతదేశమున ఒక సందేశమును ఒకసారికి ఐదు సంభాషణలకు మించి పంపరాదని నియమించినది. 2020లో పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్కరికే పంపవలయునని బిగించినది. యంత్రము తన కట్టుబాటు తాను చేసినది. మనుష్యుడు చేయవలసినది వేరు. పదిమంది నడుమ ఆ పెద్దవానిని పరిహసింపక, ఏకాంతమున మెల్లగ సత్యము చెప్పవలయును. అతడు వినకున్నను బంధుత్వమును తెంచుకొననక్కరలేదు. సందేశములు వినబడకుండ మ్యూట్ చేసి, పండుగనాడు ఇంటికిపోయి పాదములకు నమస్కరించి రావచ్చును. మాటను విడుచుట వేరు, మనుష్యుని విడుచుట వేరు.

నాలుగవది ఉపేక్ష. ఉపేక్ష యనగా ద్వేషము కాదు, ఓటమియు కాదు. ద్వేషించువానికి ప్రత్యుత్తరమిచ్చుచు, వాని ఖాతాను దినమునకు పదిసార్లు తెరచి చూచువాడు వానిని ఉపేక్షింపలేదు, ఉపాసించుచున్నాడు. కీటకము భ్రమరమును తలచి తలచి భ్రమరమే యగునని పెద్దలు చెప్పిన న్యాయము ఇచటను వర్తించును. కోపముతో తలచినను తలపు తలపే. కావున నిశ్శబ్దముగ విడుచుటయే మేలు. విడుచుచున్నానని చాటుట కూడ అహంకారమునకు ఒక రూపము.

ముఖమున దేవుడు, లోపల నింద

అన్నిటికంటె సూక్ష్మమైన ప్రమాదము మరియొకటి కలదు. ఖాతాకు శిరోభాగమున స్వామివారి దివ్యమంగళ విగ్రహము, పేరున ఏదో ఒక పుణ్యనామము. కాని లోపల నిత్యము జరుగునది అన్యసంప్రదాయముల దూషణ, ఆచార్యుల నింద, తోటి భక్తుల ఆచారములపై అపహాస్యము. దానిని అనుసరించువాడు తాను సత్సంగమున ఉన్నానని తలచును. క్రమముగ అతని జపకాలము తగ్గును, వాదకాలము పెరుగును. కొంతకాలమునకు స్వామిని తలచుకొనగనే ప్రేమకు బదులు ఎవరిమీదనో కోపము కలుగును. ఇంతకంటె నష్టమేమి?

పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున అకృత్యకరణము, భగవదపచారము, భాగవతాపచారము, అసహ్యాపచారము అని నాలుగింటిని పేర్కొని, ఒకదానికంటె తరువాతిది క్రూరతరమని సెలవిచ్చిరి. భగవంతుని విషయమున చేసిన తప్పుకంటె భాగవతుని విషయమున చేసిన తప్పు భారమైనది. అంబరీషునకు అపచారము చేసిన దుర్వాసుడు చక్రము తరుముచుండగ వైకుంఠమునకు పరుగెత్తినను, శ్రీహరి తాను భక్తపరాధీనుడననియు, ఆ రాజునే శరణు వేడుమనియు చెప్పి పంపివేసెను.

నిందించినవానికి సరే, విన్నవానికి దోషమేమి అని సందేహము కలుగవచ్చును. ధర్మరాజు రాజసూయసభలో శిశుపాలుడు శ్రీకృష్ణుని దూషించినపుడు, సభాసదులు పలువురు చెవులు మూసికొని లేచిపోయిరి. భగవన్నిందను గాని భాగవతనిందను గాని వినుచు ఆ స్థలమును విడువనివాడు తన పుణ్యమునుండి జారి అధోగతి పొందునని శ్రీశుకుడు ఆ సందర్భముననే చెప్పెను. నాటి సభాసదులు లేచి నడచిపోవలసివచ్చినది. నేటి భక్తునకు ఒక్క వ్రేలిస్పర్శ చాలును. ఇంత సులభమైనను చేయకుండుట, అంతరంగమున ఆ నింద రుచించుచున్నదనుటకు సాక్ష్యము. ఖాతాను పరీక్షింపబోయిన భక్తుడు ఇచట తన్నుతాను పరీక్షించుకొనవలసివచ్చును.

యాత్రికులకు మరియొక జాగ్రత్త అవసరము. ముఖచిత్రమున గోపురమున్నంతమాత్రమున అది దేవస్థానపు ఖాతా కాదు. దర్శన టిక్కెట్లు, గదులు ఇప్పింతుమని చెప్పి ధనము, ఆధార్ వివరములు గ్రహించు వంచకులు కలరు; నకిలీ వెబ్‌సైట్లపై 2023లో తిరుమల తిరుపతి దేవస్థానము పోలీసులకు ఫిర్యాదు చేసినది. పేరు ప్రక్కనుండు నీలిగుర్తు కూడ నేడు ప్రామాణ్యమునకు సంపూర్ణ సాక్ష్యము కాదు. 2022 నవంబరునుండి ట్విట్టర్‌లో అది నెలసరి రుసుమునకు లభించుచున్నది. కావున టిక్కెట్టునకైనను వార్తకైనను దేవస్థానపు అధికారిక వెబ్‌సైటును చూచుటయే శరణ్యము. దూరమునుండి ఒక్క దర్శనమునకై ఏండ్లతరబడి కూడబెట్టుకొని వచ్చు పేదభక్తుడు మోసపోయిన, నష్టము ధనముతో ఆగదు.

అవధూత పాఠము

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. యదుమహారాజుతో సంభాషించిన అవధూత ఇరువదినలుగురు గురువులను చెప్పెను. వారిలో వేశ్యయైన పింగళయు కలదు, కొండచిలువయు కలదు. వివేకికి ప్రతిదియు గురువే అయినపుడు, ఎంచుకొనవలసిన అవసరమేమి?

అవధూత మిడుతను గురువుగ గ్రహించెను. కాని మిడుతతో కలసి మంటలో దూకలేదు. గీతమునకు లోబడి వలలో చిక్కిన లేడిని గురువన్నాడు. కాని ఆ గీతమును వినుటకు తాను నిలువలేదు. తుమ్మెదవలె చిన్నపూవునుండియు పెద్దపూవునుండియు సారమును మాత్రము తీసికొనవలయునని నేర్చెను. అదే తేనెటీగవలె కూడబెట్టిన నశింతునని కూడ నేర్చెను. ప్రతి గురువునుండి ఒక్క పాఠము గ్రహించి సాగిపోయెను. ఆయన గురువుల సంఖ్య ఇరువదినాలుగు. వేలకొలది ఖాతాలను అనుసరించి, ఒక్కదానినుండియు పాఠము నేర్వక, అన్నింటియందును నిలిచిపోవువాడు అవధూత మార్గమున ఉన్నానని చెప్పుకొనుట తగదు.

ఈ వివేకము ఇంటి పెద్దలయందు మొదట కనిపించవలయును. శ్రేష్ఠుడు దేనిని ఆచరించునో లోకము దానినే అనుసరించునని భగవానుడు గీతయందు తెలిపెను. సంధ్యాదీపము వెలిగించిన వేళ తండ్రి ఫోనులో పరనింద వినుచుండగ, కుమారుని సెల్‌ఫోను మానుమని గద్దించుట వ్యర్థము. నెలకొక్కసారి ఏకాదశినాడైనను భార్యాభర్తలు తాము అనుసరించు ఖాతాలను ఒక్కమారు పరిశీలించుకొని, ఈ నాలుగు భావములలో ఏది దేనికి తగునో విచారించిన, అదియు ఉపవాసమున ఒక భాగమే యగును. నాలుకకు పెట్టిన నియమము చెవికి, కంటికి ఏల ఉండరాదు?

తిరుమలలో ఆలయమునకు పోవు భక్తుడు సెల్‌ఫోనును ముందుగ కౌంటరులో ఉంచి రసీదు తీసికొనవలయును. వైకుంఠం క్యూకాంప్లెక్సులో గడచు ఆ గంటలలో అతని చెవిని సోకునది గోవిందనామము, ప్రక్కవాని సుఖదుఃఖములు, బిడ్డల ఏడుపు, నవ్వు. ఆనందనిలయములో స్వామి సన్నిధిని నిలుచు అవకాశము కొన్ని క్షణములు మాత్రమే. వెలుపలికి వచ్చి, ప్రసాదము స్వీకరించి, రసీదు చూపి ఫోనును మరల చేతికి తీసికొనును. ఆ క్షణమున ఫలకముపై మొట్టమొదట కనిపించునది ఏది? కన్నులలో ఇంకను నిలిచియున్న దివ్యరూపమును అది నిలుపునా, తుడిచివేయునా? ఆ సమాధానము యంత్రమునందు లేదు. అంతకుముందు ఇంటివద్ద ఆ భక్తుడు ఎవరిని తనకు సహవాసులుగ ఎంచుకొనెనను దానియందు ఉన్నది.

వేలకొలది వినదగినవానినుండి ఒక్కదానిని ఎంచుకొని ఏడు దినములు విన్న పరీక్షిత్తు కృతార్థుడయ్యెను. అట్టి శ్రవణవివేకమును శ్రీనివాసుడు భక్తులందరికిని అనుగ్రహించుగాక!